ఇరుసు ఎందుకు విరిగింది?

1842 మే 8. ఫ్రాన్సు రాజు గౌరవార్థం వెర్సాయ్‌లో ఉత్సవం జరిగింది. అది చూసి జనం సాయంత్రం రైల్లో పారిస్‌కు తిరిగి వస్తున్నారు. దారిలో ముందున్న ఇంజను ఇరుసు పుటుక్కున విరిగింది. వెనుక పెట్టెలు ఇంజను మీదికి ఎక్కి, నిప్పు అంటుకున్నాయి. పెట్టెల తలుపులకు బయటినుంచి తాళాలు వేసి ఉన్నాయి. యాభైమందికి పైగా చనిపోయారు.

ఎవరూ సమ్మెటతో కొట్టలేదు. మరి ఇనుప ఇరుసు ఎలా విరిగింది?

కుదుపులకు ఇనుములోని పోగులన్నీ పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలుగా మారిపోయి, ఇరుసు పెళుసెక్కుతుందని అప్పట్లో చాలామంది అనుకునేవారు. స్కాట్లండుకు చెందిన రాంకిన్ అనే యువ ఇంజనీరు దీన్ని ఒప్పుకోలేదు. 1843లో వ్యాసం సమర్పించేనాటికి అతనికి ఇరవైమూడేళ్లు కూడా నిండలేదు. విరిగిన ఇరుసులను అతను శ్రద్ధగా పరిశీలించాడు. ఇరుసు చివర సన్నబడి బేరింగులో తిరిగే భాగాన్ని మెడ అందాం. మెడ మొదలయ్యే మూల దగ్గర చుట్టూరా సన్నని పగులు పుట్టి, సుమారు అరంగుళం లోతుకు నున్నగా పాకి ఉంది. మధ్యలో మిగిలిన మంచి ఇనుము బరువు మోయలేక చివరికి తెగింది. అంటే ఇరుసు ఒక్కరోజులో విరగలేదన్నమాట!

ఆ మూలలోనే పగులు ఎందుకు పుట్టాలి? దీనికి ముందు మన ఊరి నాగలిని చూడండి. వడ్రంగి నాగలికి సహజంగా వంకర తిరిగిన తుమ్మ కొమ్మనే వెతుకుతాడు. తిన్నని మొద్దు నుంచి వంకరగా చెక్కితే పని తేలికే. కాని వంపు దగ్గర చెక్కలోని పోగులు అడ్డంగా తెగిపోతాయి. గట్టి నేల తగలగానే అక్కడే చీలుతుంది. వంకర కొమ్మలో పోగులు వంపు వెంటే తిరిగి ఉంటాయి.

ఆనాటి చేత ఇనుములో నిజంగానే చిట్టెపు పోగులు ఉండేవి. నేటి ఉక్కులోనూ మాంగనీసు సల్ఫైడు వంటి మలినాలు కొద్దిగా ఉంటాయి. ఎర్రగా కాల్చి సాగగొట్టినప్పుడు అవి దారాల్లా సాగుతాయి. ఉక్కు ముక్కను నిలువుగా కోసి, నునుపు చేసి, వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచితే ఈ గీతలు కంటికి కనిపిస్తాయి. (పొగలు ప్రమాదం, బడిలో ప్రయత్నించకండి.)

లావుపాటి కడ్డీని లేతు మీద తొలిచి మెడ తీస్తే, మూల దగ్గర ఆ దారాలు తెగుతాయి. కొలిమిలో కాల్చి సుత్తితో సన్నం చేస్తే, దారాలు తెగకుండా వంపు వెంట పోతాయి. లేతుకు ఎక్కించే ముందే మూలను సుత్తి కింద పెద్ద వంపుగా మలచాలని రాంకిన్ సలహా ఇచ్చాడు.

కొట్టి చేసినదే ఎప్పుడూ గొప్పదని అనుకోకండి. ఒక కాగితం పట్టీ అంచున చిన్న గాటు పెట్టి రెండు కొసలూ లాగండి. గాటు దగ్గరే చిరుగుతుంది. పదునైన మూల కూడా అలాంటి గాటే. బలమంతా అక్కడ గుమిగూడుతుంది. ఇరుసు తిరిగే ప్రతిసారీ ఆ చోటు ఒకమారు సాగి, ఒకమారు నొక్కుకుపోతుంది. ఇలా లక్షలసార్లు జరిగితే లోహం అలసిపోతుంది. నా లెక్కన రాంకిన్ సలహాలో పోగులకంటే ఆ గుండ్రని వంపుదే ఎక్కువ పాలు. లేతు మీద కోసినా మూలను గుండ్రంగా తీస్తే సగం గండం గడిచినట్టే. పైగా లేతుకు పెట్టే కడ్డీ కూడా వేడిమీద సాగదీసినదే, పోతపోసినది కాదు.

బలం పడనిచోట ఈ తేడా దాదాపు లెక్కకు రాదు. అమెరికావారి ఎమ్16 రైఫిలు పెట్టెను అల్యూమినియం మిశ్రలోహంతో, అచ్చుల మధ్య కొట్టి చేస్తారు. అలాంటి పెట్టెనే దిమ్మ నుంచి యంత్రంతో తొలిచి చేసేవారూ ఉన్నారు. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడిని ప్రధానంగా ఆపేది మాత్రం గొట్టానికి బిగుసుకునే ఉక్కు గడియ.

రైలు ఇరుసుకు రెండు పనులూ కావాలి. సుత్తి బలాన్నిస్తుంది కాని, బేరింగుకు సరిపడే కొలత ఇవ్వలేదు. బెంగుళూరు పక్కన యలహంకలోని రైలు చక్రాల కర్మాగారంలో చక్రాలను పోతపోస్తారు. ఇరుసులను మాత్రం కాల్చి, యంత్రపు సుత్తులతో సాగగొట్టి, ఆ తర్వాతే లేతుకు ఎక్కిస్తారు. చివరగా అతిధ్వనులు పంపి, లోపల పగులుందేమో వెతుకుతారు.