శిలాఫలకం మీది పేర్లు: ఆదిభట్ల చెప్పే పాఠం

ఇబ్రహీంపట్నం చెరువు గురించి ఒక కథ చెప్పుకుంటరు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550–1580) ఒక పెద్ద చెరువు తలపెట్టి, పని చేయించే బాధ్యత హుస్సేన్ షా వలీకి అప్పజెప్పిండట. చెరువు నిండేసరికి జనం దాన్ని పని చేయించినాయన పేరుతోనే హుస్సేన్ సాగర్ అన్నరట. సుల్తానుకు మనసు చివుక్కుమన్నది. తన పేరు నిలవాలని ఇంకో చెరువు కట్టించిండు. అదే ఇబ్రహీంపట్నం చెరువట.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది వేరే చర్చ. మేము గమనించేది ఇంకోటి. ఈ కథలో ఘనత కోసం పోటీ ఇద్దరి మధ్యనే: డబ్బు పెట్టిన రాజు, పర్యవేక్షించిన అధికారి. మట్టి తవ్విన వాళ్లు, కట్ట పోసిన వాళ్లు, తూము ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో తెలిసిన నీరడి, ఈ పోటీలో పేరుకు కూడా లేరు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత అదే ఇబ్రహీంపట్నం పక్కన, ఆదిభట్లలో, విమానాల భాగాలు తయారవుతున్నాయి. ఘనత కథ మాత్రం మారలేదు. సాంకేతిక ప్రగతి ఎవరి పేరున రాస్తున్నారు, అట్లా రాయడం వల్ల దళితులకు ఏం నష్టం అన్నది వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆదిభట్లలో ఏం తయారవుతోంది

రంగారెడ్డి జిల్లాలో ఔటర్ రింగు రోడ్డును ఆనుకుని ఉన్న ఊరు ఆదిభట్ల. 2018లో మున్సిపాలిటీ అయింది. ఇక్కడ ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏరోస్పేస్ పార్కు పెట్టింది. టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్, దాని విదేశీ భాగస్వాములు ఫ్యాక్టరీలు కట్టాయి. టీసీఎస్ క్యాంపస్ కూడా వచ్చింది.

వరుస చూడండి. సికోర్‌స్కీ కంపెనీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్ల కోసం టాటాలతో 2009లో ఒప్పందం కుదిరింది. హైదరాబాద్‌లో తయారైన మొదటి క్యాబిన్ 2010లో బయటికొచ్చింది. లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి పెట్టిన ఫ్యాక్టరీ సి-130జె రవాణా విమానం తోక భాగాలు చేస్తుంది. బోయింగ్‌తో కలిసి అపాచీ యుద్ధ హెలికాప్టర్ బాడీ తయారుచేసే ఫ్యాక్టరీకి 2016 జూన్‌లో అప్పటి కేంద్ర రక్షణ మంత్రి మనోహర్ పారికర్ శంకుస్థాపన చేశారు. 2018 మార్చి 1న అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ప్రారంభించారు. రాష్ట్ర మంత్రి కె.టి. రామారావు పక్కనున్నారు. అదే సంవత్సరం జూన్‌లో మొదటి బాడీ అమెరికాకు పోయింది.

ఈ వరుసలో ఎన్ని ప్రభుత్వాలు మారాయి? వై.ఎస్. రాజశేఖరరెడ్డి, రోశయ్య, కిరణ్‌కుమార్ రెడ్డి, ఆ తర్వాత తెలంగాణ వచ్చినంక కె. చంద్రశేఖరరావు, 2023 డిసెంబరు నుంచి రేవంత్ రెడ్డి. కేంద్రంలో ముందు కాంగ్రెస్ కూటమి, తర్వాత బీజేపీ కూటమి. ఒక్క ఊరి పార్కును ఇంతమంది తమ ఖాతాలో వేసుకోవచ్చు. తలా ఒక తేదీ చూపించవచ్చు కూడా: ఒకరికి భూమి కేటాయించిన తేదీ, ఒకరికి శంకుస్థాపన తేదీ, ఇంకొకరికి రిబ్బన్ కత్తిరించిన తేదీ.

ఫ్యాక్టరీలు ఎందుకొచ్చినయ్

నాయకుడి చొరవ వల్లనే వచ్చినయా? కొంత నిజం ఉంది, కాదనం. భూమి తొందరగా ఇవ్వడం, రోడ్డు, కరెంటు ఏర్పాటు చేయడం, అనుమతులు త్వరగా ఇవ్వడం ప్రభుత్వాల పనే. తెలంగాణలో 2014లో టీఎస్-ఐపాస్ చట్టం అందుకే తెచ్చారు. కానీ ఇది కారణాల్లో ఒక పాయ మాత్రమే.

రెండో పాయ ఆఫ్‌సెట్ నియమం. 2005లో కేంద్రం తన రక్షణ కొనుగోలు విధానంలో ఈ నియమం పెట్టింది. అప్పటి లెక్క ప్రకారం 300 కోట్ల రూపాయలు దాటిన కొనుగోలు అయితే, విదేశీ కంపెనీ అందులో కనీసం 30 శాతం విలువైన పనిని భారతదేశం నుంచి తీసుకోవాలి. భారత్ 2008లో సి-130జె విమానాలు కొన్నది, 2015లో 22 అపాచీలు కొన్నది. ఆ విమానాల కంపెనీలే ఆదిభట్లలో ఉండటం కాకతాళీయం కాదు. ఆ కొనుగోలు డబ్బు మన పన్నుల డబ్బు. ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె కొన్న కూలి మనిషి కూడా కట్టిన డబ్బు.

మూడో పాయ అసలు ఆవిష్కరణ. సి-130 మొదట ఎగిరింది 1954లో, అపాచీ నమూనా 1975లో. రెండూ అమెరికా సైన్యం ప్రజాధనంతో చేయించుకున్నవి. డ్రాయింగులు అక్కడివి. వాటి ప్రకారం వెంట్రుకవాసి తేడా రాకుండా చేసిపెట్టే నైపుణ్యం ఇక్కడి కార్మికులది, టెక్నీషియన్లది. అది చిన్న పని కాదు. కానీ అందులో ఏ మంత్రి ఆవిష్కరణా లేదు.

నాలుగో పాయను మన పాఠ్యపుస్తకాలు కూడా సరిగా చెప్పవు. హైదరాబాద్‌లో ఈ నైపుణ్యం ఒక్కరోజులో మొలవలేదు. రక్షణ పరిశోధనా సంస్థ డీఆర్‌డీఎల్ 1962లో ఇక్కడికి వచ్చింది. హెచ్‌ఏఎల్ శాఖ 1965లో, ఈసీఐఎల్ 1967లో, భారత్ డైనమిక్స్ 1970లో, లోహాలు చేసే మిధాని 1973లో వచ్చాయి. అయ్యగారి సాంబశివరావు నడిపిన ఈసీఐఎల్ దేశంలోనే తొలితరం కంప్యూటర్లు, టీడీసీ వరుసవి, తయారుచేసింది. ఐబీఎం దేశం వదిలిపోయినంక దాని యంత్రాల నిర్వహణ చేపట్టిన ప్రభుత్వ సంస్థ సీఎంసీ. రైల్వే టికెట్ల కంప్యూటర్ రిజర్వేషన్‌ను 1980లలో తయారుచేసింది కూడా అదే. వీటి చుట్టూ ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, చిన్న చిన్న విడిభాగాల షెడ్లు పెరిగాయి. ఆదిభట్ల ఆ పునాది మీద లేచింది.

హైటెక్ సిటీ: ఒక పాత తగాదా

ఇదే తగాదా అంతకుముందు మాదాపూర్‌లో జరిగింది. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. హైదరాబాద్‌కు ఐటీ తెచ్చింది ఆయనే అని ఆయన పార్టీ అంటుంది. నేదురుమల్లి జనార్దనరెడ్డి కాలాన్ని (1990–92), రాజీవ్ గాంధీ కంప్యూటర్ విధానాన్ని కాంగ్రెస్ గుర్తుచేస్తుంది. 2013–14లో 57 వేల కోట్లున్న ఐటీ ఎగుమతులు 2022–23కి 2 లక్షల 41 వేల కోట్లయ్యాయని బీఆర్‌ఎస్ లెక్క చూపిస్తుంది.

ప్రతి ఒక్కరి మాటలో కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ ఒక విషయంలో ఏకమవుతారు: సాంకేతికత అంటే నాయకుడు తెచ్చి ఇచ్చిన వరం. 1991లో కేంద్రం పెట్టిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ గానీ, అంతకుముందు ఈసీఐఎల్, సీఎంసీల్లో తయారైన ఇంజనీర్లు గానీ, రాతి గుట్టలు పిండిచేసి ఆ టవర్లు కట్టిన పాలమూరు లేబర్ గానీ ఆ ముగ్గురి కథల్లోనూ కనిపించరు. చంద్రబాబు అంటే ఐటీ, కేటీఆర్ అంటే ఐటీ అనే మాట మన పిల్లల నోట కూడా వస్తుంది. కంప్యూటర్‌ను ఈసీఐఎల్‌తో కలిపి చెప్పే పిల్లలు ఎంతమంది?

ఘనత పోతే పోయింది, హక్కు ఎందుకు పోవాలె

పేరు కోసం నాయకులు కొట్లాడుకుంటే మనకేం నష్టం అని కొందరు మిత్రులు అడుగుతారు. ఇక్కడే జాగ్రత్తగా చూడాలి.

ప్రజాధనంతో ప్రభుత్వ సంస్థ చేసిన పనిలో మనకు వాటా అడిగే హక్కు ఉంటుంది. ఈసీఐఎల్‌లో, బీడీఎల్‌లో ఎస్సీ, ఎస్టీ రోస్టర్ ఉంది. ఎన్నిసార్లు ఎగ్గొట్టినా, రోస్టర్ రిజిస్టర్ తెరిచి చూపమని సంఘాలు అడగగలవు. మా ఊళ్లల్లో మొదటి తరం జీతగాళ్లు, అంటే నెల జీతం తీసుకున్నవాళ్లు, ఆ గేట్ల నుంచే వచ్చారు. ఆదిభట్లలోని ప్రైవేటు, ఉమ్మడి కంపెనీలకు అట్లాంటి చట్టబద్ధ నిబంధన లేదు. ప్రైవేటు రంగంలో వాటా కావాలని 2002 జనవరిలో భోపాల్ డిక్లరేషన్ అడిగింది. నేటికీ అది చట్టం కాలేదు. పన్నుల డబ్బు, ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ మీద నిలబడ్డ ఫ్యాక్టరీని 'నాయకుడి కృషి' అని పిలిస్తే, అందులో ప్రజల పెట్టుబడి మాయమవుతుంది. పెట్టుబడి మాయమైతే వాటా అడిగే నోరు కూడా మూతపడుతుంది. కానుక ఇచ్చినోణ్ణి లెక్క అడగరు కదా, దండం పెడతరు.

మాకిది పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. మా ఇండ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. మేం చదివిన ఒక హాస్టల్లో కంప్యూటర్ గది ప్రారంభించిన్రు. గోడకు నల్లరాయి ఫలకం పెట్టిన్రు, దాని మీద ఏడు పేర్లు. పూలదండ వాడిపోయినంక గదికి తాళం పడ్డది. తాళం తీయమని అడిగితే, 'సారు మీకు కంప్యూటర్లు ఇస్తే సంతోషం లేదా' అని ఎదురు ప్రశ్న. మా స్కాలర్‌షిప్పుల్లాగే ఆ కంప్యూటర్లు కూడా మా కోసం కేటాయించిన నిధులతో కొన్నవని, అవి మా హక్కని చెప్పడానికి మాకు అప్పుడు మాటలు లేవు. ఫలకం మీద ఆ ఏడు పేర్ల బదులు నిధి పేరు, మొత్తం రాసి ఉంటే బహుశా ఉండేవి.

భూమి రికార్డు, మూడు ప్రారంభోత్సవాలు

పరిశ్రమకు ఇచ్చే భూమి ఎక్కడి నుంచి వస్తది? పట్టా భూమి ఉంటుంది, ప్రభుత్వ భూమి ఉంటుంది, అసైన్డ్ భూమి ఉంటుంది. అసైన్డ్ అంటే భూమిలేని పేదలకు, ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, సాగు కోసం ప్రభుత్వం ఇచ్చినది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. పేదల చేతి నుంచి జారిపోకుండా పెట్టిన రక్ష అది. కానీ 'ప్రజా ప్రయోజనం' పేరుతో ప్రభుత్వమే తిరిగి తీసుకునేటప్పుడు, ఈ భూమి మీది కాదు కదా అని చాలాకాలం నష్టపరిహారం బదులు ఎక్స్‌గ్రేషియా చేతిలో పెట్టారు. ఆ మాటకే అర్థం దయతో ఇచ్చేది అని. ఇదే రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ తేడాను తప్పుపట్టింది. అసైన్డ్ రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. దయను హక్కుగా మార్చిన తీర్పు అది. దాని కోసం ఎవరూ శిలాఫలకం వేయలేదు.

ఇక రికార్డుల సంగతి. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకు ఎక్కించే 'కార్డ్' వచ్చింది. చంద్రబాబు ప్రభుత్వం దాన్ని గొప్ప విప్లవం అన్నది. అసైన్డ్ భూమికి అమ్మకమే లేదు కాబట్టి ఆ విప్లవం మాల మాదిగ వాడల దాకా పెద్దగా రాలేదు. 2020 అక్టోబరు 29న కేసీఆర్ ధరణి ప్రారంభించారు. అందులో సాగులో ఎవరున్నరో చెప్పే అనుభవదారు కాలమ్ పోయింది. పాత పహాణీలో ఆ కాలమే చాలామంది పేదలకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం. 2025లో రేవంత్ రెడ్డి ప్రభుత్వం ధరణి స్థానంలో భూభారతి తెచ్చింది. అధికారులు తప్పుచేస్తే అప్పీలు చేసుకునే ఏర్పాటు అందులో ఉంది. అది మంచి మార్పే. కానీ ప్రారంభోత్సవానికి ఎంచుకున్న తేదీ ఏప్రిల్ 14, బాబాసాహెబ్ జయంతి. పోర్టల్ పేరు మారింది, ముహూర్తం మనది అయ్యింది. మన సర్వే నంబర్లు మనకు చేరినయా లేదా అన్నదే పరీక్ష.

మన జ్ఞానం ఏ ఖాతాలో

సాంకేతిక జ్ఞానం మనకు పైనుంచి దిగింది కాదు. తంగేడు చెక్క నానబెట్టిన లందలో పచ్చితోలును ఊనడం రసాయన శాస్త్రమే. ఆ తోలుతో కుట్టిన మోట బొక్కెన కరెంటు మోటరు రాకముందు తెలంగాణ బావుల కింది పొలాలను తడిపింది. 2014లో తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పం చేశారు. తంగేడు చెక్కతో ఏం చేయవచ్చో కనిపెట్టిన మాదిగ తాతల ప్రస్తావన ఆ ఉత్సవంలో లేదు. ఉత్పత్తి కులాల జ్ఞానాన్ని 'వృత్తి' అని, పైకులాల జ్ఞానాన్ని 'విజ్ఞానం' అని విడదీసే అలవాటు ఆదిభట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా పనిచేస్తుంది. ఫలకం మీద పేరున్నవాడిది దార్శనికత, లోపల రివెట్ కొట్టేవాడిది కూలి.

అంబేడ్కర్ సంగతే చూడండి. 1942–46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ సభ్యుడిగా ఆయన సాగునీరు, విద్యుత్తు శాఖలు కూడా చూశారు. దామోదర్ లోయ పథకం రూపుదిద్దుకున్న రోజుల్లో, కేంద్ర జలమార్గాల, సాగునీటి కమిషన్ ఏర్పడినప్పుడు ఆ బాధ్యతలో ఉన్నారు. డ్యాముల కథ చెప్పేటప్పుడు ఆ పేరు వినపడదు. అయితే ఆయన పేరు కూడా చెక్కండి అని అడగడంతో మన పని అయిపోదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయనే హెచ్చరించారు, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ నియంతృత్వానికీ దారి అని. ఒక నాయకుడి ఫలకం తీసి ఇంకో నాయకుడి ఫలకం పెట్టుకుంటే ఆ హెచ్చరికను మనమే మరిచిపోయినట్టు.

మరి చేయాల్సిందేమిటి? ఉపాధ్యాయ మిత్రులు పిల్లలకు కంప్యూటర్, విమానం గురించి చెప్పేటప్పుడు ఈసీఐఎల్, డీఆర్‌డీఎల్ పేర్లు చెప్పాలి, తోలు ఊనిన లంద గురించి కూడా చెప్పాలి. విద్యార్థులు తమ దగ్గరి పారిశ్రామిక పార్కులో ఏ సర్వే నంబరు ఎట్లాంటి భూమి, ఎవరి పేరున ఉండేది, ఎంత ఇచ్చారు అన్నది పాత పహాణీల నుంచి రాసుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం అందుకు అక్కరకొస్తుంది. సంఘాలు ప్రతి ప్రారంభోత్సవం నాడు మూడు లెక్కలు అడగాలి: ప్రజల డబ్బు ఎంత, ప్రజల భూమి ఎంత, అందులో ఎస్సీ, ఎస్టీలకు ఉద్యోగాలు ఎన్ని. ఈ మూడూ ఫలకం మీద పేర్ల పక్కనే రాయమని అడగడం తప్పేమీ కాదు. రాయి వాళ్లదే అయినా, దాన్ని చెక్కించిన డబ్బు మనదే.