ముసుగు మనకి... ముఖం వాళ్ళకి!

సినిమా చూసే ప్రతివాడికీ ఒక దొంగ కోరిక ఉంటుంది. పైకి చెప్పుకోడు గానీ, ఒక్కసారి ఆ తెర దాటి లోపలికి వెళ్ళి రావాలని! హీరోయిన్ బల్లమీద మరిచిపోయిన ఉత్తరంలో ఏముందో చదవాలని, విలన్‌గారి బీరువా తెరిచి చూడాలని, "కాఫీ తెస్తానమ్మా" అంటూ లోపలికి వెళ్ళిన వంటమనిషి మళ్ళీ కనిపించే వరకూ ఏం చేస్తుంటాడో కనిపెట్టాలని... కానీ మనం కొన్న టిక్కెట్టు కుర్చీ వరకే. తెర లోపలికి చెల్లదు.

ఆ లోపలికి కూడా టిక్కెట్టు అమ్మిన చోటు ఒకటి న్యూయార్కులో ఉండేది. అది బారా అంటే బారే. నాటకమా అంటే నాటకమే. బోర్డు మాత్రం హోటలని చెప్పేది. నాటకం పేరు 'స్లీప్ నో మోర్'. 2011 మార్చిలో మొదలైంది. మధ్యలో కొవిడ్ పుణ్యమా అని దాదాపు రెండేళ్ళు తలుపులు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుని, 2025 జనవరి 5న చివరి ఆట ఆడి సెలవు తీసుకుంది.

నేను వెళ్ళింది 2024 డిసెంబరులో. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు "మావయ్యా! ఇన్నేళ్ళు సినిమాల గురించి రాశావు. మూసేసేలోగా ఇది చూడకపోతే ఎలా?" అని టిక్కెట్లు కొనేశాడు. ఒక్కొక్కటీ వంద డాలర్ల పైమాటే. రూపాయల్లోకి మార్చి చూడనని నా చేత ముందే ఒట్టు వేయించుకున్నాడు.

హిచ్‌కాక్‌గారి హోటలు

మన్‌హాటన్ పడమటి వైపు, 27వ వీధి. ఒకప్పుడు గిడ్డంగులుగానూ, ఆ తరవాత నైట్ క్లబ్బులుగానూ నడిచిన భవనాల్లో అంతస్తుల మీద అంతస్తులుగా సెట్టు వేశారు. గదులే వంద దాకా ఉంటాయి! బయట పేరు 'మెక్‌కిట్రిక్ హోటల్'. 1939లో దీన్ని కట్టారనీ, తెరవబోయే వేళకి రెండో ప్రపంచ యుద్ధం వచ్చి తాళం పడిందనీ ఒక కథ ప్రచారంలో పెట్టారు. అంతా కల్పనే.

కానీ ఆ పేరు వింటే సినిమా పిచ్చివాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి. హిచ్‌కాక్ 1958 నాటి 'వెర్టిగో'లో జేమ్స్ స్టూవర్ట్ వెంబడిస్తుండగా కిమ్ నోవాక్ లోపలికి వెళ్ళి మాయమైపోయే హోటలు పేరది! ఇక లోపలున్న బారు పేరు 'మాండర్లీ'. అది హిచ్‌కాక్‌దే 1940 నాటి 'రెబెకా'లో బంగళా పేరు. ఆ కథే 1964లో హిందీలో 'కోహ్రా' అయింది. అందులో ఆ బంగళాలో బిక్కుబిక్కుమంటూ తిరిగిన కథానాయిక ఎవరనుకున్నారు? 1955లో 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడి ఆంధ్రదేశాన్ని ఊపేసిన వహీదా రెహమానే!

కథ షేక్స్‌పియర్‌గారి 'మాక్‌బెత్'. సింహాసనం మీద ఆశతో, భార్య ఉసిగొల్పగా, తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజుని చంపి, ఆ తరవాత కంటిమీద కునుక్కి నోచుకోని సేనాని కథ. నాటకం పేరు అక్కణ్ణించే వచ్చింది. విశాల్ భరద్వాజ్ 'మక్బూల్'లో హైదరాబాదు అమ్మాయి టబు వేసిన పాత్రకి తల్లివేరు ఈ కథలోని లేడీ మాక్‌బెత్తే. పంచ్‌డ్రంక్ అనే బ్రిటిష్ నాటక సంస్థ తరఫున ఫెలిక్స్ బారెట్, మాక్సీన్ డోయిల్ ఈ కథని 1930ల నాటి దుస్తుల్లోకి, హిచ్‌కాక్ చీకట్లోకి దింపారు. మాటలు దాదాపు లేవు. నృత్యం, పరుగు, చూపు... అంతే! వెనక 'వెర్టిగో'కి సంగీతం కూర్చిన బెర్నార్డ్ హెర్మన్ బాణీలు, పాతకాలపు జాజ్ పాటలు.

సోంపు వాసన

లోపల అడుగు పెట్టగానే కోటూ, సంచీ పుచ్చుకున్నారు. ఫోను ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. చేతిలో ఒక పేకముక్క పెట్టారు. అక్కణ్ణించి ఒక చీకటి సందు. గోడ తడుముకుంటూ నాలుగు మలుపులు తిరిగి, మందపాటి తెర పక్కకి నెట్టామో లేదో - ఎర్రటి దీపాలు, మఖమల్ తెరలు, గ్లాసుల గలగల, జాజ్ పాట! ఒక్క తెర పక్కకి జరిగేసరికి 85 ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాం.

ఈ చీకటి సందుకి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా దేశమంతటా మద్యనిషేధం. అప్పుడు జోరందుకున్నాయి దొంగచాటు బార్లు. 'స్పీక్ ఈజీ' అనేవారు - అంటే గొంతు తగ్గించి మాట్లాడుకునే చోటు. బయటికి ఇంకేదో దుకాణంలా కనబడేది. తలుపు కొట్టి, సంకేతం చెబితే లోపల బారు! నిషేధం పోయింది గానీ ఆ రహస్యంలోని మత్తు మాత్రం జనాన్ని వదల్లేదు. ఇవాళ పెద్ద పెద్ద నగరాల్లో పుట్టుకొస్తున్న వేషాల బార్లకి మూలం చాలావరకు అదే. మందు ఎక్కడైనా దొరుకుతుంది. సందు తిరిగి వెళ్ళే సరదాకే ఈ ఖరీదంతా.

మావాడు ఆబ్సింత్ తెప్పించాడు. పచ్చరంగు మందు. అమెరికాలో 1912లో నిషేధించి, 2007లో మళ్ళీ వదిలారు. చల్లటి నీళ్ళు కలిస్తే పాలలా తెల్లబడుతుంది. వాసన చూద్దును గదా... సోంపు! మన భోజనాలయ్యాక పళ్ళెంలో పెట్టే సోంపే. "దీనికోసం ఏడు సముద్రాలు దాటి రావాలట్రా?" అన్నాను. మావాడు నవ్వలేదు.

ఇంతలో సూటు వేసుకున్న ఒకాయన బల్ల బల్లకీ తిరుగుతూ మా దగ్గరికి వచ్చి, నిన్న రాత్రి కూడా మేం అక్కడే ఉన్నట్టు పలకరించాడు. మా మేనల్లుడి భార్య తడుముకోకుండా, "మీరు నిన్నటికన్నా చిక్కిపోయారే!" అంది ఇంగ్లీషులో. ఆయన రెప్ప కూడా వేయలేదు. "నిద్ర పట్టడం లేదు, మేడమ్" అని, తల వంచి వెళ్ళిపోయాడు.

సంభాషణ రాసిచ్చిన రచయిత లేడు. కట్ చెప్పే దర్శకుడు లేడు. రీటేకు లేదు. ఎదుటివాడు ఏమంటాడో తెలియదు. పైగా ఆ ఎదుటివాడు మందు పుచ్చుకుని ఉన్నాడు! ఈ నటుల ఉద్యోగం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసొచ్చింది.

జంటల్ని విడదీసే లిఫ్టు

మా పేకముక్క వంతు రాగానే తలా ఒక తెల్లటి ముసుగు ఇచ్చారు. నియమాలు రెండే రెండు. ముసుగు తీయరాదు. నోరు మెదపరాదు. ఇక ఎవరి దారి వారిదే.

లిఫ్టు ఒక అంతస్తులో ఆగింది. మావాడు హుషారుగా ముందు దిగాడు. వెనకే భార్య అడుగు వేయబోతే లిఫ్టు మనిషి చేయి అడ్డం పెట్టి తలుపు మూసేశాడు! ముసుగు వెనక మావాడి ముఖం ఎలా మారిందో చూసే భాగ్యం మాకు కలగలేదు. ఇది పొరపాటు కాదండోయ్, స్క్రీన్‌ప్లే! జంటగా తిరిగేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒంటరిగా వదిలేస్తేనే మనిషి చుట్టూ చూస్తాడు.

నన్ను ఆస్పత్రి అంతస్తులో దింపారు. వరసగా ఇనప మంచాలు. ఒక్క రోగీ లేడు. ఆ పక్కన ఎండుకొమ్మల చిట్టడవి. కింది అంతస్తులో ఏకంగా ఒక వీధి! మన సినిమా సెట్టులో బీరువా తెరిస్తే వెనక ప్లైవుడ్డు కనిపిస్తుంది. ఇక్కడ బీరువాలో బట్టలున్నాయి. సొరుగులో ఉత్తరాలున్నాయి. మిఠాయి కొట్టు సీసాల్లో నిజం మిఠాయిలున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను, అడిగేవాడు లేడు. మన కళాదర్శకుడు కెమెరా చూడని మూలని వదిలేస్తాడు. ఇక్కడ ప్రేక్షకుడే కెమెరా. అది ఏ మూలకి తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

ఇంతలో మాక్‌బెత్ మెట్లమీంచి దూసుకుపోయాడు. అతని వెనక ముప్పై తెల్లముసుగులు దడదడా పరుగు! ఆ పరుగు నా మోకాళ్ళకి కుదరదు. అందుకని ఎవరూ వెంటపడని పాత్రని ఎంచుకున్నాను. హోటల్లో పోర్టరు. కుర్రవాడు. కౌంటరు దగ్గర కాగితాలు సర్దుతూ, ఎవరికోసమో తలుపు వైపు చూస్తూ, చూస్తూ... కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీటికి ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే. నేను అటు వెళ్ళకపోయినా అతను అలాగే ఏడ్చేవాడు! గ్లిజరిను సీసా చూశాక గానీ షాటుకి సిద్ధమవని తారల్ని చూసిన కళ్ళతో, కెమెరా లేని గదిలో ఏడుస్తున్న నటుణ్ణి చూశాను.

వన్స్‌మోర్ అనకుండానే...

మన పద్యనాటకాల గురించి పెద్దలు ఒక ముచ్చట చెబుతారు. చచ్చిపడిన పాత్రధారి కూడా, జనం వన్స్‌మోర్ అంటే లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయేవాడట. ఇక్కడ ఎవరూ అడగక్కర్లేదు. గంట కథని ఆ రాత్రికి మూడుసార్లు ఆడతారు. తలగడ కింద ఊపిరాడక పోయిన రాజుగారు గంట తిరిగేసరికి చక్కగా నడిచొస్తారు, మళ్ళీ చావడానికి. మొదటిసారి హత్య చూసినవాడు, రెండోసారి అదే సమయంలో పక్కగదిలో భార్య ఏం చేస్తోందో చూడొచ్చు. అందుకే మూడు గంటలు తిరిగినా ఎవరికీ కథ పూర్తిగా దొరకదు.

ముసుగు చేసే పని

ముసుగు వల్ల నటుడెవరో ప్రేక్షకుడెవరో తేలిగ్గా తెలుస్తుంది. రెండోది, చూసేవాడికి సిగ్గు పోతుంది. సిగ్గుతోపాటు ఇంకేం పోతుందన్నదే ప్రశ్న.

పెద్ద నృత్యశాలలో సాయంత్రపు గౌను వేసుకున్న నటి ఒకామె ఆడుతోంది. భారీ మనిషి ఒకడు ఆమెకి జానెడు దూరంలో నిలబడి, ఆమె ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు. ఇది ఆటలో భాగమా అని చూశాను. కాదు. ఆమె నృత్యం ఆపలేదు. అడుగుల్లో అడుగు కలుపుతూనే దారి మార్చి, నలుగురున్న వైపు జరిగింది. నల్లముసుగు వేసుకున్న మనిషి - కాపలాకి ఉండే సిబ్బంది - వచ్చి అతని భుజం తట్టాడు. అతను వెనక్కి తగ్గాడు. ఆమె ముఖంలో ఒక్క గీత మారలేదు. ఆ రాత్రి నేను చూసిన గొప్ప నటన అదే. చప్పట్లు కొట్టడానికి నియమం ఒప్పుకోదు.

ముసుగు మాటున ఉన్న కొందరు ప్రేక్షకులు తమతో అసభ్యంగా ప్రవర్తించారని, ఈ నాటకంలో పనిచేసిన కొందరు కళాకారులు చెప్పగా 2018లో అమెరికా వార్తల్లో వచ్చింది. మనం ముక్కున వేలు వేసుకోనక్కర్లేదు. మన తారలు ఔట్‌డోరుకి వచ్చినప్పుడు చొక్కా లాగినవాడూ, గిల్లినవాడూ ఎవరో ఎప్పుడైనా తేలిందా? వాళ్ళకి వేరే ముసుగు అక్కర్లేదు. గుంపే ముసుగు.

మళ్ళీ బారులో

చివరికి అందర్నీ విందుశాలకి చేర్చి, మాక్‌బెత్‌ని ఉరి తీశారు. దీపాలు ఆరి వెలిగాయి. మళ్ళీ మాండర్లీ. ముసుగులు తీశాం. ముగ్గురం ఒక బల్ల దగ్గర చేరి చెప్పుకుంటే, ముగ్గురం చూసినవి మూడు సినిమాలు! మావాడు మూడు గంటలూ మాక్‌బెత్ వెనక పరిగెత్తి మోకాలు నొక్కుకుంటున్నాడు. వాడి భార్య మాత్రం మాట్లాడటం లేదు. కాసేపయ్యాక చెప్పింది. నర్సు వేషంలో ఉన్న నటి ఆమె చెయ్యి పట్టుకుని ఒక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, ముసుగు తీసేసి, చెవిలో ఏదో కథ చెప్పిందట.

"భయం వేసిందా?" అన్నాను.

"వేసింది మావయ్యగారూ. కథకి కాదు. అప్పటిదాకా నేను వాళ్ళని చూస్తున్నాను. ముసుగు తీశాక ఆవిడ నన్ను చూసింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

ఈ నాటకానికి బారు ఎందుకో నాకు అప్పుడు బోధపడింది. లాభం సంగతి ఎలాగూ ఉంది. కానీ ఆ భవనంలో ప్రేక్షకుడికి ముఖం ఉండే చోటు అదొక్కటే. చుట్టూ చూశాను. ఆ భారీ మనిషి కూడా అక్కడే ఎక్కడో కూర్చుని గ్లాసు పట్టుకుని ఉండాలి. ఎవరో పోల్చుకోలేకపోయాను. అందరూ మర్యాదస్తుల్లాగే ఉన్నారు.

న్యూయార్కులో ఆట కట్టినా, ఈ నాటకం ఆగలేదు. షాంఘైలో 2016లో మొదలైంది. 2025లో సియోల్‌కి వెళ్ళింది. అక్కడ దీనికి దొరికిన చోటేమిటో తెలుసా? 1958లో తెరిచి, 2024లో మూతపడిన దేహాన్ అనే పాత సినిమా హాలు! మన దగ్గర మూతపడిన హాళ్ళు కల్యాణ మండపాలూ, షాపింగ్ కాంప్లెక్సులూ అవుతున్నాయి. రేపు ఏ హైదరాబాదులోనో, విశాఖలోనో ఎవరో ఒక సాహసి ఇలాంటిది తలపెట్టకపోడు. ముందుగా సెట్టుకి ఎంతవుతుంది, బారు లైసెన్సుకి ఎంతవుతుంది అని లెక్క వేస్తాడు.

నన్నడిగితే, నల్లముసుగుల వాళ్ళు ఎంతమంది కావాలో ముందు ఆ లెక్క వేయమంటాను.