కోరిన వేగము, కలిగిన వేగము

వంశధారపై గొట్టా ఆనకట్టవద్ద కాలువకు ఇంత నీరు విడువవలెనని ఉత్తరువు వ్రాయుట యొకటి. ఎడమకాలువ శివారు మడికి ఎంత నీరు చేరినదో కొలుచుట మరియొకటి. ఈ భేదమును శ్రీకాకుళము జిల్లా రైతునకు మేము బోధింప నక్కరలేదు. కంప్యూటరు వేగమునందును ఇట్టి భేదమే కలదని మాత్రము పెక్కుమంది యెరుగరు.

విజయనగరము అంగడిలో యంత్రమును కొనువారు పెట్టెపై అచ్చొత్తిన గిగాహెర్ట్జ్ అంకెను చూచి మూల్యము చెల్లించుచున్నారు. కాని నేటి ప్రాసెసరు ఒకే వేగమున నడచునది కాదు. పని తక్కువైన నెమ్మదించును. ఎక్కువైన కొంతసేపు నియతవేగమును మించి పరుగిడును. వేడెక్కిన తనంత తానే తగ్గును. ఆపరేటింగ్ సిస్టమునకు మూలమైన కెర్నెలు ఇంత వేగము కావలెనని కోరవచ్చును. ఇచ్చుట, మానుట యంత్రము వశము. పూర్వము లైనక్సునందు కోరిన వేగమునే కలిగిన వేగముగా చూపుట తరచుగా జరిగెడిది.

నిజము తెలియుటెట్లు? 1993లో పెంటియము ప్రాసెసరునందు టైమ్‌స్టాంప్ కౌంటరు అను లెక్కయంత్రము అమర్చబడెను. మొదట అది ప్రాసెసరు స్పందనములనే లెక్కించెను. తరువాతి ప్రాసెసర్లలో అది మార్పులేని వేగమున నడచుచున్నది గనుక మంచి గడియారమే గాని, వేగమునకు సాక్షి కాజాలదు. ఆ సాక్ష్యమునకై ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో రెండు కౌంటర్లు గలవు. ఎంపెర్ఫ్ అనునది నియతవేగమున లెక్కించును. ఏపెర్ఫ్ అనునది నిజముగా జరిగిన స్పందనములను లెక్కించును. ప్రాసెసరు నిద్రించినప్పుడు రెండును ఆగును.

2.4 గిగాహెర్ట్జ్ నియతవేగము గల ప్రాసెసరునందు, అనగా సెకనుకు 240 కోట్ల స్పందనములు గలదానియందు, ఒక సెకనులో ఎంపెర్ఫ్ 120 కోట్లు, ఏపెర్ఫ్ 150 కోట్లు పెరిగినవనుకొందము. ప్రాసెసరు అరసెకను మాత్రమే మేల్కొనియుండెననియు, మేల్కొన్నంతసేపు 3 గిగాహెర్ట్జ్ వేగమున పనిచేసెననియు దీనివలన తేలుచున్నది. రెండు లెక్కలను వెంటవెంటనే చదువవలెను; నడుమ వేరొక పని చొరబడిన నిష్పత్తి చెడును. కావుననే కెర్నెలు ఆ క్షణమున అంతరాయములను ఆపి చదువును.

2017లో వెలువడిన లైనక్స్ 4.13 మొదలుకొని ఇట్టి ప్రాసెసర్లలో చూపబడు వేగము ఈ కొలతనుండియే వచ్చుచున్నది. 2020 నాటి 5.7లో పనులను పంచు షెడ్యూలరును దీనిని ఆశ్రయించెను. టర్బోస్టాట్ అను సాధనముతో నెవరైనను ఈ లెక్కను చూడవచ్చును.

మే నెల యెండలో గాలియాడని గదియందు అరగంట పనిచేసిన పిమ్మట యంత్రము నిలుపుకొను వేగమే కొనువాని సొత్తు. పెట్టెపై అంకె కాదు. విజయనగరము, ఎచ్చెర్ల విద్యాలయముల విద్యార్థులు ఈ కొలతను స్వయముగా చేసి నేర్వవలెనని మేము కోరుచున్నాము. కుంచము తన చేతలేనివాడు ఎదుటివాని లెక్కకే తలయొగ్గవలసి వచ్చును.