‘రన్’ అను నొక్క క్రియ

ఆంగ్లమున ‘రన్’ అను చిన్న క్రియ యొకటి కలదు. బడిలో చేరిన తొలియేటనే బాలురు దానికి ‘పరుగెత్తుట’ యని యర్థము వల్లింతురు. కాని యీ క్రియకు 645 అర్థములున్నట్లు ఆక్స్‌ఫర్డు నిఘంటుకారులు 2011 నాటికి లెక్క తేల్చిరి. 1989 నాటి కూర్పులో అగ్రస్థానము ‘సెట్’ అను మాటది. ఇప్పుడు దానిని గూడ నిది మించినది.

విజయవాడలో భవానీపురపు రేవునుండి ప్రకాశము బ్యారేజీదాక నడచి చూడుడు. కృష్ణ ప్రవహించుచున్నది; బందరు, ఏలూరు కాలువలు పారుచున్నవి; హైదరాబాదు బాటపై బస్సులు నడచుచున్నవి. ఊరిలో బియ్యపుమిల్లు ఆడుచున్నది, సినిమా నూరురోజులాడినది, జలుబుచేసిన బిడ్డకు ముక్కు కారుచున్నది, ఉతికిన చీర రంగు దిగుచున్నది, ఒకరు హోటలు నడపుచున్నారు. ఇన్నింటికిని ఆంగ్లేయునకు ‘రన్’ ఒక్కటే చాలును. ఎన్నికలలో మాత్రము అమెరికావాడు పరుగెత్తును, ఇంగ్లండువాడు నిలుచును. మనవాడును నిలబడుటయే వాడుక.

ఇందువలన నొక భాష గొప్పది, వేరొకటి కొద్దిది యనరాదు. మన ‘పట్టు’ను చూడుడు: చేప పట్టుట, చెమట పట్టుట, తుప్పు పట్టుట, నిద్ర పట్టుట, వాన పట్టుట. వీనిలో ప్రతిదానికిని ఆంగ్లమున వేరొక మాట వెదకవలసినదే.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. అప్పు పత్రముపై దావాకు గడువు ‘రన్’ అగునని న్యాయస్థానపు ఆంగ్లము చెప్పును. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి కోరినంతనే చెల్లింపవలసిన ప్రోనోటుకు గడువు వ్రాసిన తేదీనుండి మూడేండ్లు. ఆలోపల చెల్లు వ్రాయించుకొనక, దావాయు వేయక యూరకున్న ఋణదాత దావాహక్కును గోల్పోవును. దీనిని ‘కాలము పరుగెత్త నారంభించును’ అని తెనిగించినచో రైతు వేదాంతవాక్యమని తలచి కాగితము మడిచి పెట్టెలో పెట్టును. ‘ఈ తేదీనుండి గడువు లెక్కకు వచ్చును, మూడేండ్లు దాటిన నోటుకు కాలదోషము పట్టును’ అన్నచో తక్షణమే వకీలు నింటికి బయలుదేరును. చూచితిరా, మన ‘పట్టు’ ఇచట నెంత పనికివచ్చినదో! ఈ పలుకుబడి మన పల్లెలలో నెప్పుడో స్థిరపడియున్నది.

1966లో ఆంధ్రప్రదేశమున తెలుగు అధికారభాషయని చట్టమైనది. చట్టము పీఠము నీయగలదు గాని, పలుకుబడి నీయజాలదు. అనువాదకుడు నిఘంటువులోని మొదటి యర్థముతో తృప్తి చెందక, ఈ పని జరిగినపుడు మన జనులేమందురని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. బందరులో నుద్యోగము చేసిన బ్రౌనుదొర సయితము పండితుల గ్రంథములతోపాటు జనుల నోటిమాటలకును తన నిఘంటువులలో చోటిచ్చెను. పరదేశీయుడు చేసిన యాపాటి శ్రమ మనము చేయకుండుట తగునా? మాటకు మాట పేర్చుట అనువాదము కాదు. చదువరికి తన హక్కు తెలిసిననాడే యది అనువాదము.