కుదువ విడిపించే సంఘం

నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం చదువుతుంటే ఇది యెరూషలేములో జరిగిందా, మన పత్తికొండలోనో రాయచోటిలోనో జరిగిందా అన్న అనుమానం కలుగుతుంది. కరువు వచ్చింది. తిండిగింజల కోసం జనం పొలాలు, ద్రాక్షతోటలు, చివరికి ఇళ్లు కూడా కుదువ పెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశారు. కన్నబిడ్డలను దాస్యానికి పంపారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కాదు, సొంత సహోదరులే. మన తెలుగు బైబిల్లో అక్కడ వాడిన మాట ‘కుదువ’. కర్నూలు, కడప పల్లెల్లో నేటికీ అదే మాట.

ఆ అధ్యాయంలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. మొరపెట్టింది మగవాళ్లు మాత్రమే కాదు, వారి భార్యలు కూడా. ఇంట్లో దాచుకున్న అప్పు నలుగురిలోకి వచ్చింది. నెహెమ్యా కోపపడి, పెద్దలను గద్దించి, మహాసభ కూర్చింది ఆ తర్వాతే. తిరిగి ఇచ్చేయమన్నవాటిలో పొలాలు, తోటలతోపాటు సొమ్ములో వందవ వంతు కూడా ఉంది. అది నెలకు నూటికి ఒకటి చొప్పున తీసుకున్న వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ. ఆయన మాన్పించిన ఆ వడ్డీనే మన ఊళ్లలో ధర్మవడ్డీ అంటున్నాం! రెండు రూపాయలు, మూడు రూపాయలు మామూలు. బోరు వేయించే తొందరలోనో, ఆస్పత్రి ఆపదలోనో ఐదు రూపాయలకైనా చేయి చాస్తాం.

కుదువ రెండు రకాలు. ఒకటి, చేను అప్పిచ్చినవారి చేతికి అప్పగించడం. వడ్డీ ఉండదు, పంట వారిది. అసలు చెల్లించేదాకా చేను తిరిగి రాదు. సొంత చేలో కూలికి వెళ్లి కలుపు తీసిన రైతులు రాయలసీమలో కొత్త కాదు. రెండోది, కాగితాలు పెట్టి నెలనెలా వడ్డీ కట్టడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, గడువు వచ్చాక అసలు చెల్లించి ఆస్తిని విడిపించుకునే హక్కు యజమానికి ఉంది. హక్కు సరే, అసలు ఎక్కడి నుంచి రావాలి?

లెక్క వేసి చూద్దాం. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు 2 వేలు వడ్డీ. ఐదేళ్లలో 1 లక్షా 20 వేలు కట్టినా లక్ష అలాగే ఉంటుంది. అదే లక్ష పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుని పాత అప్పు తీర్చేసి, సంఘానికి నెలకు 3 వేలు కడితే 41 నెలల్లో అసలు, వడ్డీ రెండూ తీరిపోతాయి. మొత్తం కట్టేది 1 లక్షా 22 వేల దాకా. ఇంచుమించు అదే సొమ్ము! తేడా ఒక్కటే, నెలకు మరో వెయ్యి కూడబెట్టాలి. ఆ వెయ్యి దగ్గరే మనుషులు ఓడిపోతారు. పండుగ వస్తుంది, పెళ్లి వస్తుంది, వాన రాదు. అక్కడే తోటి సభ్యుల అవసరం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడిన మహిళలు, మిగిలిన డబ్బు దాచుకోవడం మొదలుపెట్టాక పొదుపు ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో పేదరిక నిర్మూలన పథకం ఒకటి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలోని ఓర్వకల్లు మండలంలో రోజుకో రూపాయి దాచిన మహిళలు మండల పొదుపులక్ష్మి ఐక్యసంఘంగా ఏర్పడ్డారు. విజయభారతి వారికి వెన్నుదన్నుగా నిలిచారు. పనికి పోయే పిల్లల కోసం బాలభారతి పేరుతో బడి కూడా పెట్టుకున్నారు. 2000లో మొదలైన వెలుగు పథకానికి ఈ మూడు జిల్లాల అనుభవమే బాట వేసింది.

సంఘం నడిచే తీరు సాదాసీదాగా ఉంటుంది. పది, పదిహేను మంది చుట్టూ కూర్చుంటారు. పొదుపు పుస్తకంలో రాస్తారు. ఎవరికి అప్పు కావాలో, ఎందుకో అందరి ముందు చెప్పాలి. కుదువ చేను విడిపించుకోవాలని ఒకరంటే, ఎంతకు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అక్కలు, వదినలు నిలదీసి అడుగుతారు. కష్టమైన ఘట్టం ఆ తర్వాతిది. ఈసారి వంతు తనదే అయినా, గేదె కొనుక్కుందామని ఎదురుచూస్తున్నా, ‘ముందు ఆమె చేను విడిపిద్దాం’ అని మరో సోదరి తప్పుకోవాలి. మా దృష్టిలో ఇచ్చే డబ్బుకంటే వదులుకున్న ఆ వంతే పెద్ద సాయం. కట్టిన వడ్డీ కూడా సంఘంలోనే ఉండి రేపు ఇంకొకరికి అప్పుగా మారుతుంది. మన మందిరాల్లో వంట చేసినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఉన్న తల్లులకు ఈ పద్ధతి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఆదివారం కూడేదీ సంఘమే, ఇదీ సంఘమే!

దీని వేళ్లు పాతవి. జర్మనీలో రైఫైజన్ అనే పల్లె మేయరు 1846-47 కరువు చలికాలంలో పేదలకు రొట్టె అందించే సంఘం పెట్టాడు. దైవభక్తి గలవాడు. దానధర్మం ఎంతోకాలం నిలవదని గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో ఊరివాళ్లే దాచుకుని ఊరివాళ్లకే అప్పిచ్చే సంఘం ప్రారంభించాడు. ఒకరి గుణం ఒకరికి తెలిసినంత చిన్న ఊళ్లకే సంఘం పరిమితం కావాలన్నది ఆయన నియమం. మన జిల్లాలు అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో ఇచ్చిన నివేదిక ఆ మార్గాన్నే సిఫారసు చేసింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

అయితే తోడు ఉండటం వేరు, మీద పడటం వేరు. ఈ గుంపు పద్ధతినే సూక్ష్మరుణ సంస్థలు కూడా వాడుకున్నాయి. వారం వారం వాయిదా కట్టలేని ఆడమనిషి ఇంటి ముందు తోటి సభ్యులనే కూర్చోబెట్టి వసూలు చేయించిన ఉదంతాలు, ఆత్మహత్యల వార్తలు 2010లో రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. చుట్టూ కూర్చున్నవాళ్లు అదే పది మంది. కానీ డబ్బు తమది కానప్పుడు, గడువు మార్చే అధికారం తమకు లేనప్పుడు, తోబుట్టువులు కాపలావాళ్లుగా మారిపోయారు. పొదుపు సంఘంలో వాన పడని ఏడు వాయిదాను రెండు నెలలు జరపగలిగారంటే ఆ డబ్బు వాళ్లదే కాబట్టి.

పట్నంలో ఇంటి రుణం ఉన్నవారికీ ఈ లెక్క వర్తిస్తుంది. 9 శాతం వడ్డీకి 10 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 9 వేల రూపాయల వాయిదా. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది. నెలకు మరో 2 వేలు కలిపి కడితే 13 ఏళ్లలోపే రుణం తీరుతుంది, 4 లక్షల 70 వేల దాకా వడ్డీ మిగులుతుంది. మారే వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చినందుకు వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. పూర్తిగా కట్టాక అసలు పత్రాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని 2023లో ఆదేశించింది.

పల్లెలో కుదువ విడిపించుకునే రోజు మాత్రం ఒంటరిగా వెళ్లకపోవడం మంచిది. సంఘంలో ఇద్దరిని సాక్షులుగా వెంట తీసుకెళ్లాలి. నోటు వెనుక ‘చెల్లు’ రాయించి సంతకం చేయించుకోవాలి. రిజిస్టరు చేసిన తనఖా అయితే విడుదల పత్రం కూడా రిజిస్టరు చేయించి, కొన్నాళ్లకు ఈసీ తీయించి అందులో ఆ అప్పు తీరినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి.