ముల్లు మీటరా? అంకెల మీటరా?

మన కళాశాల రేడియో క్లబ్బు విద్యార్థులు ఈ సంవత్సరం పాలకవర్గం వారికి ఒక అర్జీ పెట్టుకొన్నారు. ప్రసార యంత్రానికీ ఆంటెన్నాకూ నడుమ అమర్చడానికి ఒక పవర్ మీటరు కావలెనని దాని సారాంశం. ఒక్క మీటరుకే సొమ్ము దొరుకుతుందని తెలిసిన నాటి నుండి క్లబ్బులో రెండు పక్షాలు ఏర్పడినవి. అంకెలు వెలిగే డిజిటల్ మీటరు కావాలని అధిక సంఖ్యాకులు, ముల్లు కదిలే అనలాగ్ మీటరే మేలని ఒకరిద్దరు. తెలుగు పంతులుకు వాట్లతో ఏమి పని అని కొందరు నవ్వుకొనవచ్చును గాని, హామ్ లైసెన్సు పుచ్చుకొన్నవాడను గనుక నా అభిప్రాయం నలుగురి ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఈ మీటరు కొలిచేదేమిటో చూడవలెను. పాఠ్యగ్రంథాలు 'సామర్థ్యం' అనే దానిని రేడియో వారు పవర్ అనే అంటారు. ప్రసార యంత్రం నుండి బయలుదేరిన పవర్ కేబుల్ వెంట ఆంటెన్నాకు చేరుతుంది. కేబుల్ 50 ఓమ్‌లకు తయారైనది. ఆంటెన్నా కూడా 50 ఓమ్‌లుగా కనిపించిన యెడల పవరంతా అది స్వీకరిస్తుంది. లేనియెడల కొంత భాగం వచ్చిన దారినే వెనుకకు మళ్ళుతుంది. మీటరులోని చిన్న పరికరం కేబుల్‌లోని వోల్టేజీ నుండి కొంత, కరెంటు నుండి కొంత నమూనా తీసి, వాటిని కూడి పోయే పవరును, తీసివేసి తిరిగివచ్చే పవరును వేరు చేస్తుంది. కాలిన్స్ రేడియో కంపెనీలోని వారెన్ బ్రూన్ 1959 ఏప్రిల్ 'క్యూ.ఎస్.టి.' పత్రికలో వివరించిన పద్ధతి నేటికీ అనేక మీటర్లలో కనిపిస్తుంది. ఆ నమూనాను సాధారణంగా ఒక డయోడు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది.

ఇంతవరకు చాలా మీటర్లలో రెండు రకాలూ ఒక్కటే! దీని తరువాతనే దారులు చీలుతాయి. ఆ విద్యుత్తు ఒకదానిలో తీగచుట్టను తిప్పి ముల్లును కదలిస్తుంది, మరొకదానిలో మైక్రోప్రాసెసర్ చేతికి పోయి అంకెగా మారుతుంది. కనుక 'అంకెల మీటరు కచ్చితమైనది' అనే మాటలో సగమే నిజం. ముందరి భాగం తప్పు చెబితే వెనుకనున్న అంకె ఆ తప్పునే స్పష్టంగా చదివి వినిపిస్తుంది.

ఆ తప్పు ఎంతటిదో డయోడునే అడుగుదాము. 50 ఓమ్‌ల నిరోధం మీద శిఖర వోల్టేజీని వర్గం చేసి నూరుతో భాగిస్తే వాట్లు వస్తాయి. 5 వాట్లకు శిఖరం 22.4 వోల్టులు. సిలికాన్ డయోడు అందులో సుమారు 0.6 వోల్టు తానే మింగుతుంది. మిగిలిన దానిని లెక్కిస్తే 4.7 వాట్లు, ఫరవాలేదు. అదే 0.1 వాట్ అయితే శిఖరం 3.16 వోల్టులే. 0.6 పోగా లెక్క 0.066 వాట్‌కు దిగుతుంది. మూడవ వంతు మాయమైనది! ముల్లు మీటర్లలో కొలతగీతలను దగ్గరగా గీసి దీనిని కొంత సర్దుతారు. మంచి డిజిటల్ మీటర్లలో సవరణ పట్టిక ఉంటుంది, లేదా డయోడుకు బదులు ఏడీ8307 వంటి లాగరిథమిక్ చిప్ ఉంటుంది. ఆ చిప్‌తో ఇంట్లోనే మీటరు కట్టుకొనే విధానాన్ని వెస్ హేవర్డ్, బాబ్ లార్కిన్ 2001 జూన్ 'క్యూ.ఎస్.టి.'లో ప్రకటించారు. అయిదు వాట్లకు లోబడి పనిచేసే అల్పపవర్ ప్రియులకు, మిల్లీవాట్లు చూడగోరేవారికి ఇక్కడ డిజిటల్ పక్షమే సబబు.

ఇక ముల్లు మీటర్లలో పెద్దమనిషి బర్డ్ 43. 1950 దశకం నుండి వాడుకలో ఉన్నది. ఒక్కొక్క పవర్ హద్దుకు ఒక్కొక్క చిన్న బిళ్ళను దానిలో అమర్చుతారు. దీని కచ్చితత్వం 'పూర్తి స్కేలులో 5 శాతం' అని చెబుతారు. ఈ మాటను మన విద్యార్థులు చూపుతున్న శాతంలో 5 అని అర్థం చేసుకొంటారు. అది పొరపాటు. 100 వాట్ల బిళ్ళకు ఏ గీత దగ్గరైనా 5 వాట్లు అటోఇటో. పోయే పవర్ 100, తిరిగివచ్చేది 4 వాట్లు అని కనిపించినది అనుకొందాము. స్థిర తరంగ నిష్పత్తి, అనగా ఎస్.డబ్ల్యు.ఆర్., 1.5 అవుతుంది. కాని ఆ నాలుగు నిజంగా సున్న కావచ్చును, తొమ్మిదీ కావచ్చును. అప్పుడు నిష్పత్తి 1.0 నుండి సుమారు 1.86 వరకు ఏదైనా కావచ్చును. తిరుగు పవరును 10 వాట్ల బిళ్ళతో చూస్తే పొరపాటు అర వాట్‌కు తగ్గి, నిష్పత్తి 1.46, 1.54ల నడుమ నిలుస్తుంది. అయితే ఆ చిన్న బిళ్ళను పొరపాటున కూడా ముందు దిక్కుకు త్రిప్పరాదు.

మాటల ప్రసారంలో వేరొక చిక్కు. ఎస్.ఎస్.బి.లో మాట్లాడేటప్పుడు పవర్ అక్షరం అక్షరానికీ లేచి పడుతుంది. శిఖరం 100 వాట్లు ఉన్నా, బరువైన ముల్లు అంత వేగంగా పరుగెత్తలేక ముప్పై, నలభై దగ్గర ఊగులాడుతుంది. అది చూసి యంత్రం చెడిపోయినదని భ్రమించి మైకు స్థాయిని పెంచి, పక్కవారి చెవులు చిల్లులు పొడిచిన వారున్నారు. శిఖరాన్ని పట్టి నిలిపే డిజిటల్ మీటరు ఈ భ్రమను తొలగిస్తుంది. చూపులేని హామ్ మిత్రులకు అంకెను బిగ్గరగా చదివి వినిపించే మీటర్లు కూడా వచ్చినవి. దీనికి సాటి ముల్లు మీటరులో లేదు.

మరి నేను ముల్లు పక్షం ఎందుకు వహిస్తున్నాను? క్లబ్బుకు వచ్చే వారు నేర్చుకొనే వారు గనుక. వారికి ప్రధానమైన పని ఆంటెన్నాను సరిచేయడం. ఆ పనిలో తిరుగు పవర్ ఎంత అన్నదానికన్న, తగ్గుతున్నదా పెరుగుతున్నదా అన్నది ముఖ్యం. ట్యూనరు మరను వేలితో త్రిప్పుతుంటే ముల్లు వాలిపోవడం కంటికి తోస్తుంది. ఎక్కడ ఆగవలెనో చేతికే తెలుస్తుంది. ఉర్దూలో 'కాంటా' అన్నా, తెలుగులో 'ముల్లు' అన్నా పొదలోని ముల్లే తక్కెడ ముల్లూ అయినది. కిరాణా కొట్టువాడు తక్కెడ ముల్లు మధ్యకు వస్తున్నదా అని చూస్తాడు గాని దాని కోణం కొలవడు.

ఒక శిబిరంలో మా విద్యార్థి అరువు తెచ్చిన డిజిటల్ మీటరుతో ట్యూనరు సరిచేస్తున్నాడు. అంకె 18.4 అని, 22.7 అని, 16.9 అని మారుతున్నది. ప్రతి అంకెనూ శ్రద్ధగా కాగితం మీద వ్రాసుకొంటున్నాడు. ఈలోగా సొంతంగా కట్టుకొన్న ప్రసార యంత్రంలోని ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోయినది. ముందుగా పవర్ తగ్గించుకొమ్మని చెప్పని దోషం నాదే. అయినా ముల్లు ఉండి ఉంటే అంతసేపు పట్టేది కాదని నా నమ్మకం. అంకెలతో పాటు ముల్లులా కదిలే పట్టీని చూపే మీటర్లున్నవి. వాటిలో కూడా పట్టీ వెనుకబడకుండా వేలితో పాటు నడుస్తున్నదా అని కొనేముందు చూడాలి.

కరెంటు సంగతి మరొకటి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, భారతీ ప్రసాద్ నాయకత్వంలో అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్ బృందం అక్కడి వార్తలను బయటి ప్రపంచానికి చేర్చినది. అటువంటి వేళ ప్రతి బ్యాటరీ ప్రసారానికే కావాలి. దీపం, శిఖర కొలత లేని సాధారణ ముల్లు మీటరుకు వేరే కరెంటు అక్కరలేదు.

దశాంశం తరువాతి అంకె మీద మోజు కూడా విడువదగినది. 100 వాట్లు 80కి తగ్గినా తేడా ఒక డెసిబెల్‌కు లోపే, వినేవాడికి తెలియదు. సిగ్నల్ ఒక ఎస్ యూనిట్ పెరగాలంటే పవర్ నాలుగింతలు కావాలి.

కావున పాలకవర్గం వారు రెండు ముళ్ళు ఖండించుకొనే చోట నిష్పత్తి గీతలున్న ముల్లు మీటరును మంజూరు చేయవలెనని నా మనవి. డిజిటల్‌ది విద్యార్థులే ఏడీ8307తో కట్టుకొందురుగాక. ఆ పనిలో నేర్చేది ఎక్కువ. ఏది వచ్చినా మొదటి రోజున పరీక్షించాలి. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించి 10 వాట్లు మాత్రమే పంపి, దాని మీది శిఖర వోల్టేజీని సిలికాన్ డయోడు, కెపాసిటర్‌ల సాయంతో మల్టీమీటరుపై చూడాలి. డయోడు మింగిన 0.6 కలుపుకొంటే 31.6 వోల్టులు రావాలి. అప్పుడు మీటరు 10 చూపకపోతే, చూపినదెంతో చీటీ మీద వ్రాసి మీటరు వీపున అంటించాలి.