నరసింహారెడ్డి నాటకంలో సిపాయికి ఖాకీ వేస్తున్నారా? అప్పట్లో ఉన్నది ఎర్రకోటు!

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పోరాటాన్ని వేదికపై చూపించాలంటే ముందు వచ్చే చిక్కు దుస్తులదే. రెడ్డి వేషానికి పంచె, తలపాగా, కత్తి ఉంటే చాలు. మరి ఎదురుగా నిలబడే కంపెనీ సిపాయికి ఏం వేయాలి? చేతికి దొరికింది కదా అని ఖాకీ చొక్కా, నల్ల బూట్లు తొడిగేస్తే చరిత్ర తప్పుతుంది.

ఖాకీ ఎందుకు కాదు?

కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది 1846 జులైలో. నరసింహారెడ్డిని అదే ఊళ్లో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. ఖాకీకి పేరు తెచ్చిన 'గైడ్స్' దళం ఎక్కడో పెషావర్‌లో 1846 డిసెంబర్‌లో పుట్టింది. అంటే ఖజానా దాడి తర్వాత అయిదు నెలలకు! ఆ రంగు మిగతా పటాలాలకు పాకింది 1857 తిరుగుబాటు రోజుల నుంచే. 1846లో సీమలో తిరిగిన మద్రాసు సైన్యపు కాల్బలానిది ఎర్రకోటు.

సిపాయి వేషం ఇలా..

కోటు: నడుము దాకా బిగుతుగా ఉండే ఎర్ర ఉన్ని కోటు. ముందు వరుసగా లోహపు గుండీలు. కాలర్, చేతి అంచుల రంగు పటాలాన్ని బట్టి మారేది. అందుకే ఒకే దళంలో అందరికీ ఒకే అంచు రంగు ఉండాలి. మెరిసే శాటిన్ వద్దు, మందపాటి గుడ్డ అయితేనే నప్పుతుంది.

పట్టీలు: ఛాతీపై అడ్డంగా రెండు తెల్ల తోలు పట్టీలు. ఒకదానికి తూటాల సంచి, రెండోదానికి బాయ్‌నెట్ వేలాడతాయి.

తల: సోలా టోపీ సిపాయిది కాదు. అంచు లేని, ఎత్తైన, ముదురు రంగు తలపాగా లాంటి టోపీ ఉండాలి.

కాళ్లు: ప్యాంటు వేసినా మద్రాసు సిపాయి కాళ్లకు ఉండేవి తోలు చెప్పులే. బూట్ల ఖర్చు మిగిలినట్టే!

తుపాకీ: మూతి నుంచి మందు, గుండు దట్టించే పొడవాటి మస్కట్. నాటకాల్లో కనిపించే .303 రైఫిల్ వచ్చింది దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత. చెక్కతో చేయించుకుంటే సరిపోతుంది.

రెడ్డి దళానికి యూనిఫాం ఉండదు

ఇటువైపు ఉన్నది జీతపు సైన్యం కాదు. మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్రోతులు, బోయలు, చెంచులు, రైతులు. పంచె, కంబళి, ఈటె, నాటు తుపాకీ.. ఎవరిది వాళ్లదే. అందరికీ ఒకే రంగు తలపాగా చుట్టిస్తే ఆ తేడా పోతుంది.

ఇంత పట్టింపు ఎందుకు?

దుస్తులు అప్పట్లో ప్రాణం మీదికి తెచ్చిన విషయం. 1806లో కొత్త రకం తలపాగా పెట్టుకోవాలని, గడ్డాలు, నుదుటి బొట్లు తీసేయాలని ఆదేశించినందుకే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు.

ఇంకో మాట. కంపెనీ వాళ్లంటే అందరికీ తెల్లరంగు పూసి నిలబెట్టడం మామూలైంది. నిజానికి మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీలో తెల్లవాళ్లు ప్రధానంగా అధికారులే. ఎర్రకోటు తొడిగి తుపాకీ పట్టింది తెలుగు, తమిళ ఊళ్ల నుంచి జీతానికి చేరిన మనోళ్లే. కోటు సరిగ్గా వేసి, మొహానికి పౌడర్ మానేస్తే చాలు. పరాయి పాలన ఎవరి చేతులతో నడిచిందో డైలాగ్ లేకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

ఇవి గుర్తుపెట్టుకోండి

ఇప్పటి ఆర్మీ యూనిఫాం జోలికి వెళ్లొద్దు. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో దాన్ని వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 168 కింద నేరం. నమూనా చూడాలంటే చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియంలో కంపెనీ కాలపు ఆయుధాలు, సైనిక దుస్తులు ఉన్నాయి. ఆళ్లగడ్డ శిల్పులకు సిపాయి విగ్రహం చెప్పేవాళ్లూ ముందే సరిచూసుకోవాలి. గుడ్డ అయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు, రాయి అలా కాదు.